రొద బండిలోనే ఉంది

హైదరాబాద్ నుంచి విజయవాడకు కారులో బయలుదేరితే చౌటుప్పల్ దాటాక ఎఫ్‌ఎం పాట అక్కడక్కడ తెగిపోవడం మొదలవుతుంది. నార్కట్‌పల్లి చేరేసరికి పాటకన్నా గరగరే ఎక్కువ. ఎఫ్‌ఎం తరంగాలు దాదాపు తిన్నగా పోతాయి. భూమి వంపు తిరిగి ఉంది కాబట్టి, టవర్ ఎత్తుగానే ఉన్నా అరవై డెబ్భై కిలోమీటర్లు పోయాక కారు దాని చూపుకు ఆనదు. మీడియంవేవ్ ఇంతకన్నా నమ్మకస్తురాలు. నేలను అంటిపెట్టుకుని వస్తుంది. 738 కిలోహెర్ట్జ్ మీద హైదరాబాద్ ఆకాశవాణి పగటిపూట సూర్యాపేట దాటేదాకా తోడొస్తుంది, తరువాత 837 మీద విజయవాడ కేంద్రం అందుకుంటుంది.

షార్ట్‌వేవ్ లెక్క పూర్తిగా వేరు. ఒకప్పుడు కొలంబో నుంచి వచ్చిన ప్రసారం హైదరాబాద్‌లో ఎలా వినిపిస్తే విజయవాడలోనూ దాదాపు అలాగే వినిపించేది. దారిలో ఏ ధాబా దగ్గర ఆగినా అదే స్టేషన్, అదే ముల్లు. ఆ తరంగం నేలమీదుగా రాదు. మూడు వందల కిలోమీటర్ల ఎత్తులో ఉన్న విద్యుదావేశపు పొరను తాకి వంగి కిందికి దిగుతుంది. కొలంబోకీ హైదరాబాద్‌కీ మధ్య దూరం సుమారు 1,200 కిలోమీటర్లు. తరంగం మలుపు తిరిగే చోటు ఆ దూరానికి నడిమధ్య, రాయలసీమకు దక్షిణాన ఆకాశంలో ఎక్కడో ఉంటుంది. అక్కడి నుంచి మన కారు మీదికి దాదాపు 25 డిగ్రీల ఏటవాలులో దిగుతుంది. మనం విజయవాడ చేరితే ఆ కోణం రెండు మూడు డిగ్రీలు పెరుగుతుంది, అంతే. 270 కిలోమీటర్ల ప్రయాణం ఆ తరంగానికి ఒక లెక్క కాదు.

ఇంత దూరం తోడొచ్చే ప్రసారం కారుకే పుట్టినట్టు ఉండాలి కదా! అయినా కారు రేడియోల్లో షార్ట్‌వేవ్ బ్యాండ్ ఎప్పుడూ అరుదే. ఎందుకని అడిగితే సాధారణంగా రెండు కారణాలు చెబుతారు: కారు మీద యాంటెన్నా పొట్టిది, పైగా కారు కదులుతూ ఉంటుంది. ఈ రెండూ అసలు కారణాలు కావని నా వాదన. అసలు అడ్డు కారు తనలోనే పుట్టించుకునే విద్యుత్ రొద. అది చెప్పడానికి ముందు ఆకాశం సంగతి కొంత చూడాలి.

1901 డిసెంబర్ 12న మార్కోని ఇంగ్లండ్‌లోని పోల్దూ నుంచి పంపించిన సంకేతాన్ని అట్లాంటిక్ అవతల న్యూఫౌండ్‌లాండ్‌లో విన్నానని ప్రకటించాడు. తిన్నగా పోయే తరంగం భూమి వంపును దాటి ఎలా వచ్చిందన్నది అప్పటి ప్రశ్న. మరుసటి ఏడాదే అమెరికాలో కెన్నెలీ, ఇంగ్లండ్‌లో హెవిసైడ్ ఎవరికి వారే ఒక ఊహ చేశారు: పైన విద్యుత్తును మోసే పొర ఒకటి ఉండాలి. దాన్ని ప్రయోగంతో నిరూపించడానికి మరో రెండు దశాబ్దాలు పట్టింది. 1924లో యాపిల్టన్ బీబీసీ బోర్న్‌మత్ ట్రాన్స్‌మిటర్‌ను వాడుకుని ఆ పొర ఎత్తును కొలిచాడు, 1947లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. అదే 1947లో కలకత్తా నుంచి శిశిర్ కుమార్ మిత్రా ‘ది అప్పర్ అట్మాస్ఫియర్’ అనే బృహద్గ్రంథం వెలువరించాడు. ప్రపంచమంతా ఈ శాస్త్రాన్ని చాలాకాలం ఆ పుస్తకంలోనే చదువుకుంది. మన వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావు, ఆయన శిష్యులు ఈ పొరల కదలికల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. రేడియో వినే తెలుగువాళ్లకు ఈ సంగతి తెలియకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

సూర్యుడి అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు పై గాలిలోని అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. అలా ఏర్పడిన ఐనోఆవరణంలో ఎత్తును బట్టి డి, ఇ, ఎఫ్ అనే పొరలున్నాయి. కారులో కూర్చుని వినేవారికి వీటిలో రెండు ముఖ్యం. అరవై నుంచి తొంభై కిలోమీటర్ల ఎత్తులో ఉండే డి పొర షార్ట్‌వేవ్‌ను వంచదు, మింగేస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలను ఎక్కువగా, ఎక్కువ ఫ్రీక్వెన్సీలను తక్కువగా మింగుతుంది. అక్కడ గాలి కొంచెం దట్టం కాబట్టి సూర్యుడు అస్తమించగానే ఎలక్ట్రాన్లు మళ్లీ అణువులతో కలిసిపోతాయి, పొర మాయమవుతుంది. అంతకన్నా పైన ఎఫ్ పొరలో గాలి చాలా పలచన. ఎలక్ట్రాన్లకు జత దొరకడానికి సమయం పడుతుంది, అందుకే రాత్రంతా ఆ పొర నిలిచి ఉంటుంది. తరంగాన్ని వంచి కిందికి పంపేది అదే.

పాత శ్రోతలు అనుభవంతో పాటించే నియమం ఇక్కడిదే. పగలు 19 మీటర్లు, 16 మీటర్లు, అంటే 15, 17 మెగాహెర్ట్జ్‌ల చుట్టుపక్కల వెతకాలి. పొద్దు గుంకాక 31 మీటర్లకు, రాత్రి 49 మీటర్లకు దిగాలి. మధ్యాహ్నం 49 మీటర్ల బ్యాండ్‌లో దూరపు స్టేషన్ పట్టలేదని సెట్టును తిట్టి లాభం లేదు, దాన్ని డి పొర పైనే తినేసింది.

మన ప్రాంతానికి ఇంకో విశేషం ఉంది. ఉష్ణమండలంలో ఉరుములు మెరుపులు ఎక్కువ, వాటి పటపటలు మీడియంవేవ్‌ను ముంచెత్తుతాయి. అందుకే ఈ దేశాల కోసం అంతర్జాతీయ ఒప్పందాల్లో 120, 90, 60 మీటర్ల బ్యాండ్లను దేశీయ ప్రసారాలకు విడిచిపెట్టారు. ఆకాశవాణి హైదరాబాద్ ఒకప్పుడు 4,800 కిలోహెర్ట్జ్ మీద వినిపించింది ఈ ఏర్పాటు కిందే. ఆ తరంగం దాదాపు నిట్టనిలువుగా పైకి పోయి, ఎఫ్ పొరను తాకి, వందల కిలోమీటర్ల వెడల్పున కిందికి పరచుకునేది. కొండలు అడ్డం వచ్చేవి కావు. ఆదిలాబాద్ అడవిలోనూ శ్రీశైలం ఘాట్‌లోనూ అది ఒకేలా దిగేది. ఘాట్ రోడ్డులో నడిచే బండికి ఇంతకన్నా సరిపోయే ప్రసార పద్ధతి మరొకటి నాకు తోచదు.

ఇప్పుడు కదలిక సంగతి. గంటకు 100 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 28 మీటర్లు. 9,870 కిలోహెర్ట్జ్ స్టేషన్ తరంగదైర్ఘ్యం 30 మీటర్ల పైచిలుకు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే డాప్లర్ మార్పు ఒక్క హెర్ట్జ్ కన్నా తక్కువ. చెవికి ఆనదు. ఎఫ్‌ఎంలో తరంగదైర్ఘ్యం మూడే మీటర్లు కాబట్టి, భవనాలకు తగిలి వచ్చే తరంగాలూ నేరుగా వచ్చేవీ కలిసి మీటరున్నర దూరానికొకసారి బలం పెరిగి తగ్గుతుంది. సిగ్నల్ బలహీనంగా ఉన్న చోట కారు కదులుతుంటే పాట టపటపా కొట్టుకునేది అందుకే. షార్ట్‌వేవ్‌లో ఆ బాధ లేదు. ఒక్క చోట మాత్రం కదలిక పట్టుబడుతుంది. హైదరాబాద్‌లో పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కిందికి బండి దూరితే స్టేషన్ మునిగిపోతుంది. ముప్పై యాభై మీటర్ల తరంగం ఇనుప చువ్వలున్న కాంక్రీటు కప్పు కిందికి సరిగా దూరలేదు.

అయితే స్టేషన్ వస్తూ పోతూ ఉంటుంది కదా అని అడగవచ్చు. ఉంటుంది. కానీ అది ఆగి ఉన్న బండిలోనూ ఇంట్లోనూ ఒకటే. కొలంబో నుంచి ఒక తరంగం ఒక్క గంతులో వస్తుంది, మరొకటి పైకి కిందికి రెండు గంతులు వేసి వస్తుంది. మొదటిది నడిచే దారి సుమారు 1,340 కిలోమీటర్లు, రెండోది దాదాపు 1,700. అంటే రెండోది సెకనులో వెయ్యోవంతు కన్నా కాస్త ఎక్కువ ఆలస్యం. ఈ తేడా వల్ల కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర రెండు తరంగాలూ ఒకదాన్నొకటి బలపరుస్తాయి, కొన్నింటి దగ్గర చెరిపేసుకుంటాయి. ఆ గుంటలు దాదాపు 800 హెర్ట్జ్‌లకు ఒకటి చొప్పున వస్తాయి. పైన పొర నెమ్మదిగా కదులుతుంటే గుంటలు కూడా స్టేషన్ మీదుగా జరుగుతుంటాయి. స్టేషన్‌కు ఆధారమైన వాహక తరంగం మీదికి గుంట వచ్చిందా, బలం ఉన్నట్టే ఉండి గొంతు చీలిపోతుంది, పాట బొంగురుపోతుంది. సింక్రనస్ డిటెక్టర్ ఉన్న సెట్లు పోయిన వాహక తరంగం స్థానంలో తమ సొంత తరంగాన్ని పెట్టుకుని దీన్ని చాలావరకు సరిదిద్దుతాయి. 1985లో వచ్చిన సోనీ ఐసీఎఫ్-2010కి శ్రోతల్లో అంత పేరు రావడానికి ఇదే ముఖ్య కారణం. కారు సెట్లకు ఆ భాగ్యం దాదాపు పట్టలేదు.

దక్షిణ భారతంలో సాయంత్రాలకు ప్రత్యేకమైన వణుకు ఒకటుంది. అయస్కాంత భూమధ్యరేఖ మన దేశపు దక్షిణపు కొస మీదుగా పోతుంది. సూర్యాస్తమయం తరువాత అక్కడ ఎఫ్ పొర గబగబా పైకి లేచి, లోపల బుడగలు బుడగలుగా విడిపోతుంది. వాటి గుండా వచ్చిన సంగీతం గజగజలాడుతుంది. మార్చి, ఏప్రిల్, సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో ఇది ఎక్కువ. తిరుపతి దగ్గర గాదంకిలోని 53 మెగాహెర్ట్జ్ రాడార్ ఈ బుడగల్నే ఏళ్లుగా పరిశీలిస్తోంది. సాయంత్రం బండిలో వినే పాట వణుకుతుంటే అది సెట్టు లోపం కాదు, గాదంకి శాస్త్రవేత్తలు రాత్రుళ్లు మేలుకుని కొలిచే సంగతే.

ఇక యాంటెన్నా. 49 మీటర్ల తరంగానికి పావు వంతు కడ్డీ కావాలంటే 12 మీటర్లు ఉండాలి. కారు మీద ఉండేది మీటరు. అయినా వినడానికి అది చాలు. సంతలో నిలబడి ఎవరి మాటైనా వినాలని శబ్దాన్ని పెంచుకుంటే మాటతో పాటు చుట్టూ ఉన్న గోల కూడా అంతే పెరుగుతుంది, మాట స్పష్టత పెరగదు. షార్ట్‌వేవ్ బ్యాండ్ అలాంటి సంతే. ప్రపంచం నలుమూలలా పడే పిడుగుల రొద, మనుషుల యంత్రాల రొద ఆకాశం గుండా వచ్చి అక్కడ పేరుకుని ఉంటుంది. ఆరు మెగాహెర్ట్జ్‌ల దగ్గర ఈ బయటి రొద, సెట్టు తనలో తాను చేసుకోగలిగే అతి తక్కువ రొదకన్నా వేల రెట్లు, ఒక్కోసారి లక్ష రెట్లు ఎక్కువ. పొట్టి యాంటెన్నా సిగ్నల్‌ను వెయ్యి రెట్లు తగ్గించినా బయటి రొదను కూడా అన్ని రెట్లే తగ్గిస్తుంది. రెండింటి నిష్పత్తి చెడదు. వినడానికి కావలసింది నిష్పత్తే. ప్రసారం చేసేవాడికి యాంటెన్నా పొట్టిదైతే నష్టం, వినేవాడికి కాదు.

ఒక చిక్కు మాత్రం ఉంది. మీటరు కడ్డీ కెపాసిటెన్స్ పది పన్నెండు పికోఫారడ్లే. దాన్నుంచి సెట్టుకు వచ్చే కేబుల్ కెపాసిటెన్స్ దానికి కొన్ని రెట్లు, అది సిగ్నల్‌లో చాలా భాగాన్ని నేలపాలు చేస్తుంది. కారు యాంటెన్నా కేబుల్ లోపలి తీగ అంత సన్నగా, చుట్టూ ఖాళీ అంత ఎక్కువగా ఉండేది దీన్ని తగ్గించడానికే. ఇంట్లో మిగిలిన టీవీ కేబుల్ తెచ్చి వేస్తే సెట్టుకు చెవుడు వస్తుంది. ఇప్పటి కార్లలో కడ్డీ పోయి, వెనకద్దం మీద గీతలూ కప్పు మీద చిన్న మూపురం లాంటి డబ్బా మిగిలాయి. అవి ఎఫ్‌ఎం కోసం చేసినవి, వాటితో షార్ట్‌వేవ్ ఆశించకూడదు. చేతి రేడియోను కారులోపల పెట్టుకున్నా అంతే. చుట్టూ ఉన్న రేకు సిగ్నల్‌ను ఆపుతుంది, లోపలి రొద మాత్రం నేరుగా సెట్టుకు తగులుతుంది.

ఆ రొద ఎక్కడెక్కడ పుడుతుందో చూద్దాం. పెట్రోల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ దగ్గర పది వేల వోల్టుల పైన ఎగసి నిప్పురవ్వ దూకుతుంది. అది నానోసెకన్లలో జరిగిపోయే విద్యుత్ కుదుపు. అంత చురుకైన కుదుపులో మీడియంవేవ్ నుంచి టీవీ బ్యాండ్ దాకా అన్ని ఫ్రీక్వెన్సీలూ ఉంటాయి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ నిమిషానికి 3,000 సార్లు తిరుగుతుంటే సెకనుకు వంద రవ్వలు. బండి నిలిచి ఉన్నప్పుడు టకటకగా వినిపించేది, యాక్సిలరేటర్ తొక్కగానే బుర్రుమనే రొదగా మారుతుంది. ప్లగ్గుల్లో ఐదు వేల ఓముల నిరోధాలు, కార్బన్ పూసిన ప్లగ్ తీగలు వచ్చింది ఈ కుదుపు చురుకు తగ్గించడానికే. డీజిల్ ఇంజిన్‌లో రవ్వే లేదు. అందుకే పాత డీజిల్ జీపు చెవులకు ఎంత మోత చేసినా షార్ట్‌వేవ్‌కు మాత్రం నిశ్శబ్దమైన బండి.

రెండోది ఆల్టర్నేటర్. అది పుట్టించే కరెంటును డయోడ్లు ఏకదిశలోకి మారుస్తాయి, ఆ మార్పులో మిగిలిన అల కుయ్‌మని ఈలలా వినిపిస్తుంది. ఇంజిన్ వేగంతో పాటు ఈల స్థాయి కూడా పెరుగుతుంది. ఇది ఎక్కువగా యాంటెన్నా గుండా కాక సెట్టుకు కరెంటు వచ్చే తీగ గుండా వస్తుంది. బ్యాటరీ నుంచి నేరుగా మందమైన తీగ లాగి, మధ్యలో కాయిల్, కెపాసిటర్ ఉన్న ఫిల్టర్ పెడితే చాలావరకు పోతుంది. బానెట్, సైలెన్సర్ గొట్టం లాంటివి బాడీకి సరిగా అంటకుండా ఉంటే అవే యాంటెన్నాలై ఇంజిన్ రొదను వెదజల్లుతాయి. అల్లిన రాగి పట్టీతో వాటిని బాడీకి బిగించాలి.

పాత శత్రువులు ఇవి. ఈ తరం శత్రువు సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే ఫోన్ చార్జర్. 12 వోల్టులను 5 వోల్టులు చేయడానికి అది కరెంటును సెకనుకు లక్షల సార్లు తెంచి కలుపుతుంది. ఒక్కో తెంపు అంచూ షార్ట్‌వేవ్ పొడుగునా పడే గుణిజాలను పుట్టిస్తుంది. ఎల్‌ఈడీ దీపాలు, డాష్‌క్యామ్‌లు కూడా ఇదే కుటుంబం. చవక చార్జర్ ఒక్కటి తీసేస్తే 49 మీటర్ల బ్యాండ్ మొత్తం తెరుచుకున్న బండ్లు ఉన్నాయి.

షార్ట్‌వేవ్ ఉన్న కారు సెట్లు రాకపోలేదు. జర్మనీలో బ్లౌపుంక్ట్ కొన్ని కారు రేడియోల్లో 49 మీటర్ల బ్యాండ్ ఒక్కదాన్నే పెట్టింది. అది మంచి ఆలోచన. 5,900 నుంచి 6,200 దాకా ఉన్న 300 కిలోహెర్ట్జ్‌లను ముల్లు తిరిగే మేరంతా పరిస్తే నడుపుతూ కూడా స్టేషన్ దొరుకుతుంది. అన్ని బ్యాండ్లనూ ఒకే స్కేలు మీద కుక్కితే వెంట్రుకవాసి తిప్పినా మూడు స్టేషన్లు దాటిపోతాయి. బెకర్ కంపెనీ తన కారు రేడియోల పక్కన బిగించే షార్ట్‌వేవ్ అడాప్టర్లు అమ్మింది. అలాంటి కన్వర్టర్ల సూత్రం సులువు. లోపల 5,000 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ ఉందనుకుందాం. 6,100 మీద వచ్చే స్టేషన్‌ను దానితో కలిపితే తేడా 1,100. అది మీడియంవేవ్‌లో పడుతుంది, మామూలు కారు రేడియో దాన్ని పట్టేస్తుంది. చవక సెట్లలో ఒకే స్టేషన్ తన చోటుకు 910 కిలోహెర్ట్జ్‌ల దిగువన మళ్లీ దొంగచాటుగా వినిపించే జబ్బు ఉంటుంది. కన్వర్టర్ ఒకసారి, రేడియో మరోసారి, ఇలా ఫ్రీక్వెన్సీని రెండుసార్లు మార్చడం వల్ల అది కూడా చాలావరకు తగ్గుతుంది.

గల్ఫ్‌కూ ఆఫ్రికాకూ పంపిన కొన్ని జపాన్ కార్లలో కంపెనీ నుంచే షార్ట్‌వేవ్ బ్యాండ్లు వచ్చాయి. ఎడారిలో వందల కిలోమీటర్లు టవర్ ఉండదు, డీజిల్ బండి, చుట్టుపక్కల కరెంటు తీగల గోల లేదు. షార్ట్‌వేవ్‌కు అంతకన్నా మంచి పరిస్థితి దొరకదు. కరీంనగర్, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి డ్రైవర్లుగా వెళ్లినవాళ్లు ఎందరో అక్కడ బండ్లు నడిపారు. బెంగళూరులోని ఆకాశవాణి 500 కిలోవాట్ల ట్రాన్స్‌మిటర్లకు దుబాయి దాదాపు 2,700 కిలోమీటర్లు, ఎఫ్ పొరకు ఒక్క గంతు. 9,870 మీద వివిధ భారతి వచ్చిన రోజుల్లో ఇంటికీ బండికీ మధ్య ఉన్న దూరమంతా ఆ ఒక్క గంతే.

ఇప్పుడు స్టేషన్లు తగ్గాయి. బీబీసీ హిందీ షార్ట్‌వేవ్ ప్రసారం 2020 జనవరి 31తో ఆగిపోయింది. చైనా అంతర్జాతీయ రేడియో వంటివి ఇంకా బలంగా వినిపిస్తున్నాయి. మన దేశంలో ఆకాశవాణి మీడియంవేవ్ మీద డీఆర్ఎం డిజిటల్ ప్రసారాలు మొదలుపెట్టాక కొన్ని కంపెనీలు ఆ రిసీవర్‌ను కారులోనే అమర్చి ఇస్తున్నాయి. ఇదే పద్ధతి షార్ట్‌వేవ్ మీద కూడా పనిచేస్తుంది. ఇంతలో ఎలక్ట్రిక్ కార్లు వచ్చాయి. వాటి ఇన్వర్టర్ వందల వోల్టులను సెకనుకు వేల సార్లు తెంచి కలుపుతుంది. రొద అణచడం ఖర్చని కొన్ని కంపెనీలు మీడియంవేవ్‌నే తీసేశాయి. బీఎండబ్ల్యూ ఐ3లో అది లేదు. ఫోర్డ్ 2023లో తీసేస్తానని చెప్పి, అమెరికాలో ప్రజలూ చట్టసభ సభ్యులూ వ్యతిరేకించడంతో వెనక్కి తగ్గింది. ఇన్వర్టర్ చుట్టూ లోహపు కవచం, తీగలకు ఫెర్రైట్ చుట్లు పెడితే ఆ రొద అణుగుతుందన్నది ఇంజనీర్లకు తెలిసిన సంగతే. తుపాను వచ్చి సెల్ టవర్లు కూలిన రోజున రేడియో పలకని బండిని అమ్మడం నాకు సమర్థనీయంగా కనిపించదు.

మీ బండి ఎంత రొద చేస్తుందో కొలవడానికి పరికరాలు అక్కర్లేదు. బ్యాటరీతో నడిచే చిన్న షార్ట్‌వేవ్ సెట్టు తీసుకుని, ఊరికి దూరంగా, హైటెన్షన్ తీగలు లేని చోట రాత్రిపూట బండి ఆపండి. సెట్టును బానెట్ మీద పెట్టి 49 మీటర్లలో స్టేషన్ లేని ఖాళీ చోట ముల్లు నిలపండి. అన్నీ ఆపి ఉండగా వినిపించేది ఆకాశపు రొద. తాళం తిప్పి ఇంజిన్ మాత్రం స్టార్ట్ చేయకండి. పెరిగింది బండిలోని ఎలక్ట్రానిక్స్‌ది. ఇంజిన్ స్టార్ట్ చేస్తే కలిసేది రవ్వలదీ ఆల్టర్నేటర్‌దీ. ఆ తరువాత చార్జర్ పెట్టి చూడండి, హెడ్‌లైట్లు వేసి చూడండి. బండిలో బిగించిన సెట్టుకైతే యాంటెన్నా ప్లగ్ పీకి వినాలి. అప్పుడూ పోని రొద కరెంటు తీగ గుండా వస్తోంది, దానికి ఫిల్టర్ కావాలి. ప్లగ్ పీకగానే పోతే అది గాలిలో వస్తోంది, దానికి రాగి పట్టీలు, మంచి స్పార్క్ ప్లగ్గులు కావాలి. అన్నీ ఆపినా మిగిలేది పటపటలైతే ఎక్కడో మెరుస్తోందని అర్థం, 31 మీటర్లకు మారండి. ఆగకుండా జుయ్‌మంటుంటే దగ్గర్లో కరెంటు స్తంభం ఉంది, బండిని ఓ వంద మీటర్లు ముందుకు తీయండి.